‘గగనాబ్ధి’యా, ‘గగనాద్రి’యా?

అమలాపురం: చదరంగపు మొదటి గడికి ఒకటి, ఆపై గడిగడికీ రెట్టింపు చొప్పున 64 గడులకు వచ్చే మొత్తాన్ని, అంకెకో మాట చొప్పున చెప్పే పద్యం ఒకటుంది. అది ‘శరశశి షట్కచంద్ర’ అని మొదలై ‘భూధర’ దాకా తడబాటు లేకుండా వస్తుంది. ఆ తరువాత నా నోట ‘గగనాద్రి వేదగిరి’ అని పలుకుతోంది. మా నాన్నగారు మాత్రం ‘గగనాబ్ధి’ అనేవారు. అద్రి అంటే కొండ, అంకెల్లో ఏడు; అబ్ధి అంటే సముద్రం, అంకెల్లో నాలుగంటారు. గణాలకు రెండూ సరిపోతాయి. నాలుగో పాదం బొత్తిగా గుర్తు లేదు, తెలిసినవారు ఇవ్వగలరు.

నరసాపురం: ‘అబ్ధి’యే. నగం, భూధరం, గిరి అని మూడు కొండలు ఉండనే ఉన్నాయి; నాలుగోది ఎందుకండీ?

రాజోలు: అబ్ధి అన్నా ఏడే కావచ్చునని నా వాదం. చొల్లంగి మొదలు అంతర్వేది దాకా సప్తసాగర యాత్ర చేసే సీమలో సముద్రం నాలుగంటే ఎవరు ఒప్పుకుంటారు?

భీమవరం: యాత్ర పుణ్యప్రదమే గాని లెక్క దానికి లొంగదు. 64 గడుల రెట్టింపుల మొత్తం 18446744073709551615. దీనిని 9తో భాగిస్తే శేషం 6. ఏ సంఖ్యకైనా, దాని అంకెల మొత్తానికైనా ఈ శేషం ఒకటే. పద్యంలోని 20 అంకెలనూ, అబ్ధిని, ముందు వచ్చే పయోనిధిని (అదీ సముద్రమే) నాలుగేసిగా తీసుకుని కూడితే 87, శేషం 6. అబ్ధి ఒక్కదాన్నే ఏడు చేస్తే 90, శేషం సున్న. రెండింటినీ చేస్తే 93, శేషం 3. అద్రి పాఠానికీ ఇదే గతి.

నరసాపురం: పక్కపక్క అంకెలు తారుమారైతే మీ తొమ్మిది పసిగట్టదు, మాస్టారూ. పదకొండుతో చూడండి. పద్యం ఒకట్ల స్థానం నుంచే నడుస్తుంది గనుక, శరాన్ని కలిపి, శశిని తీసి, షట్కాన్ని కలిపి, చదివే వరుసలోనే పోవచ్చు. కలిపినవి 62, తీసినవి 25, తేడా 37, శేషం 4. అసలు సంఖ్యకూ అంతే.

రాజోలు: శేషాలు అంకెను నిలబెడతాయి గాని మాటను నిలబెట్టవు. నాలుగుకు మరో మాట వాడి ఉండకూడదా?

నరసాపురం: అబ్ధి కాదనడానికి తాళపత్రం చూపించండి, అప్పుడు వింటాను. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన పద్యమిది. మొదటి పాదంలో శకారానికి ‘సాయక’తో, రెండో పాదంలో ధకారానికి ‘తర్క’తో యతి కుదిర్చి, రేఫ ప్రాస కోసం భూధరాన్నీ కుంజరాన్నీ పాదాంతంలో విరిచిన తీరు చూడండి. ఒక్క అంకె కదిలితే చంపకమాలైనా చెడాలి, మొత్తమైనా చెడాలి. నన్నయ సరసన కూర్చోదగిన చెయ్యి అది.

భీమవరం: సరసన కూర్చోబెట్టండి, అభ్యంతరం లేదు, సమకాలికుడని మాత్రం అనకండి. రాజరాజ నరేంద్రుని కాలంవాడు తాతగారైన మల్లన అని, గణితం రాసింది అదే పేరుగల మనుమడని నేను నమ్ముతాను.