కౌన్సెలింగ్ పీరియడ్‌లో కథ చదివాక చదువు చెప్పాలా, వద్దా?

పర్లాకిమిడి, 3వ తరగతి
మాది ఒడిశాలో ఒడియా మీడియం ప్రాథమిక బడి. ఇళ్ళలో ఎక్కువమందికి తెలుగు, కొద్దిమందికి సవర అనే గిరిజన భాష. వారానికి ఒక కౌన్సెలింగ్ పీరియడ్, 40 నిమిషాలు. కోపం, భయం, స్నేహం మీద ఒక కథ బిగ్గరగా చదివి పిల్లల చేత మాట్లాడించే పద్ధతి నడుస్తోంది. ఇప్పుడు పైనుంచి వచ్చిన మాట: పిల్లలకి చదవడమే రావట్లేదు కాబట్టి ఆ పీరియడ్ కూడా చదవడానికే వాడాలి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లెక్క ప్రకారం 3వ తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థమయ్యేలా చదవాలి, అది చూపిస్తున్నారు. కథ అయ్యాక పదాలూ అక్షరాలూ చెప్పాలా? చెబితే ఏ భాషలో?

గుణుపురం మేష్టారు
చెప్పకూడదు. కౌన్సెలింగ్ కథలో పిల్లవాడు ఒక పాత్ర చాటున తన మాట చెప్పుకుంటాడు. "ఎలుగుబంటి పిల్లకి వాళ్ళ నాన్న ఎప్పుడొస్తాడో తెలీదు" అన్నవాడు పనికోసం సూరత్ వెళ్ళిన తండ్రి గురించి అంటూ ఉండొచ్చు. అప్పుడు పట్టుకుని "ఏదీ, ఎలుగుబంటి అని పలక మీద రాయి" అంటే వాడిక ఆ ఏడాదంతా నోరు విప్పడు.

ఇంకోటి, ఆ 60 పదాలు పిల్లవాడు తనంతట చదవాల్సినవి. ఇక్కడ చదివేది టీచరు. టీచరు చదివితే పిల్లల వేగం ఎలా పెరుగుతుందండీ?

కాశీనగరం పంతులమ్మ
వేగం పెరగదు, ఆ మాట నిజమే మేష్టారూ. కానీ ఆ లక్ష్యంలోనే "అర్థమయ్యేలా" అని ఉంది, దాన్ని అందరూ మింగేస్తున్నారు. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు చదవడాన్ని గుణకారంగా చూపించారు: అక్షరాన్ని పలకగలగడం ఒకటి, విన్న భాష అర్థం చేసుకోవడం రెండోది. ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. టీచరు కథ చదివితే పెరిగేది ఈ రెండోది. కాబట్టి కౌన్సెలింగ్ పీరియడ్‌లో అక్షరాల జోలికి పోవద్దు, మాటల జోలికి వెళ్ళండి.

పుస్తకం 12 నుంచి 16 పేజీలు, పేజీకి రెండు మూడు వాక్యాలు ఉంటే చాలు. ఆగకుండా చదివితే ఎనిమిది నిమిషాలు దాటకూడదు. ముందురోజే పెన్సిల్‌తో మూడు చోట్ల చుక్క పెట్టుకోండి: చిక్కు మొదలైన చోట, పాత్ర తొందరపడి ఏదో చెయ్యబోయే చోట, ఆఖరి మలుపుకి ముందు. అక్కడే ఆగాలి. పేజీ పేజీకీ ఆగితే కథ తెగిపోయి వెనక వరస అల్లరిలో పడుతుంది. పుస్తకాన్ని గుండెకి ఆనించి కాక భుజం పక్కన, నేల మీద కూర్చున్న పిల్లల కంటి ఎత్తులో పట్టుకోండి. లేకపోతే చివర్లవాళ్ళకి బొమ్మ బదులు అట్ట కనబడుతుంది.

కొత్త మాటలు మూడే. మామూలుగా పిల్లల నోట కోపం, భయం, ఏడుపు తప్ప ఇంకో మాట రాదు. అలక, బెంగ, ఉక్రోషం లాంటివి కథలో తగిలినప్పుడు ముఖంతోనూ ఒక చిన్న వాక్యంతోనూ విప్పి ముందుకి పోవాలి. "మీరెప్పుడు అలిగారు?" అని అడక్కండి. "కుందేలు అలిగిందని బొమ్మలో ఎక్కడ తెలుస్తోంది?" అనండి. వాల్చిన చెవులూ పక్కకి తిప్పిన మొహమూ వేలెట్టి చూపించి కారణం చెప్పిన పిల్ల, ఆధారం వెతికి అర్థం చెప్పడం నేర్చుకున్నట్టే. తన సంగతి చెప్పాలనుకుంటే తనే చెబుతుంది.

ఆఖరి పది నిమిషాలు బొమ్మ, దాని కింద ఒక్క వాక్యం. ఏ లిపైనా సరే, ఎర్ర సిరా ముట్టుకోవద్దు. రాయలేని పిల్ల చెబితే మీరే రాయండి, అన్నది అన్నట్టే. "కుందేలుకి ఒళ్ళు మండిపోనాది" అంటే "కోపం వచ్చింది" అని దిద్ది రాస్తే అది మీ వాక్యం అయిపోతుంది.

రాయగడ గ్రంథాలయం
భాష గురించి. ఒక వాక్యం తెలుగులో, వెంటనే ఒడియాలో చదవడం ఇక్కడ అందరూ చేసే పని. దాంతో పిల్లలు తమకి తేలికైన భాష వచ్చేదాకా రెండోది వినడం మానేస్తారు. ముందు రెండు నిమిషాలు బొమ్మలు తిప్పుతూ కథ పోకడ ఇంటి తెలుగులో చెప్పి, తరవాత పుస్తకమంతా ఒకే భాషలో చదవండి. మాట్లాడుకోవడం మాత్రం ఎవరి భాషలో వాళ్ళు. స్టోరీవీవర్ అనే పిల్లల పుస్తకాల వెబ్‌సైట్‌లో తెలుగు, ఒడియా పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, సవరవీ కొన్ని ఉన్నాయి. ఫోన్ తెరతో పాతికమందికి చదివితే లాభం లేదు, ప్రింటు తీయించుకోండి.

అక్షరాలు ఈ పీరియడ్‌లో వద్దనడానికి ఇక్కడ ఇంకో కారణం ఉంది. ఒడియాలో ఏత్వం హల్లుకి ఎడమపక్కన కూర్చుంటుంది, తెలుగులో నెత్తిన ఎక్కుతుంది. ఒడియాలో ఠ గుండ్రంగా ఉంటుంది, మన పిల్లలు దాన్ని సున్నా అనుకుంటారు. ఇది తీరిగ్గా, పలక మీద, భాషా పీరియడ్‌లో తేల్చుకోవాల్సిన తగాదా. కావాలంటే రెండు రోజులాగి అదే పుస్తకాన్ని ఆ పీరియడ్‌కి తీసుకెళ్ళండి. తెలిసిన కథ కాబట్టి పిల్లలు ఊహించి చదవగలుగుతారు.

గుణుపురం మేష్టారు
ఊహించి చదవడం చదవడం కాదు, బట్టీ. బొమ్మ చూసి వాక్యం ఒప్పజెప్పేస్తారు. బొమ్మ మూసి వాక్యం విడిగా కాగితం స్ట్రిప్పు మీద రాసి ఇస్తే అప్పుడు తెలుస్తుంది ఎవరికి వచ్చిందో.

స్నేహం, వంతులవారీగా ఆడుకోవడం లాంటి కథలైతే మళ్ళీ తీసుకెళ్ళండి, కాదనను. చావు, తాగుడు, చెడు స్పర్శ మీద ఉన్న కథని మాత్రం అక్షరాల పాఠం చెయ్యడానికి నేను ఒప్పుకోను.

రాయగడ గ్రంథాలయం
స్ట్రిప్పు మాట బాగుంది. బరువైన కథల విషయంలోనూ సరే.

పర్లాకిమిడి, 3వ తరగతి
చదువుతుండగా ఏ పిల్లయినా "మా ఇంట్లో కూడా ఇలాగే కొడతారు" అంటే?

కాశీనగరం పంతులమ్మ
మొహం మార్చకుండా "చెప్పావు, మంచి పని చేశావు, పీరియడ్ అయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం" అని కథ ముందుకి నడపండి. అందరి ముందూ తవ్వొద్దు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, నిలబెట్టుకోలేకపోవచ్చు. విడిగా కూర్చున్నప్పుడు కూడా "ఏం జరిగింది?" అన్న ఒక్క ప్రశ్నే. "నాన్న కొట్టాడా?" అంటే జవాబు మీరు అందించినట్టు. పిల్ల అన్న మాటలే తేదీ వేసి రాసుకోండి. లైంగిక వేధింపు అనుమానం ఉంటే పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చెయ్యొచ్చు.

గుణుపురం మేష్టారు
ఆ పది నిమిషాల బొమ్మలు గోడకి అంటించకండి. తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికి బాగుంటుంది గానీ, వాటిలో ఇంటి గుట్టు ఉంటుంది.

కాశీనగరం పంతులమ్మ
అన్నీ దాచేస్తే పిల్లలు రాసిన వాక్యం మళ్ళీ చదివేదెవరు మేష్టారూ? ఎవరిది వాళ్ళని అడగండి, ఊఁ అన్నవాళ్ళవి పేరు లేకుండా పెట్టండి. మిగతావి ఒక ఫైల్లో ఉంచి ఆ పిల్లకే ఇచ్చెయ్యండి.

గుణుపురం మేష్టారు
టీచరు అడిగితే మూడో తరగతి పిల్ల ఊహూఁ అంటుందా? ఆ అడగడం మీద నాకు నమ్మకం లేదు.