మెమ్వార్: జ్ఞాపకమా, కోర్టు కాగితమా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. 18వ శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త బోమార్షే మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1773, 74లలో ఆయన వరసగా నాలుగు "మెమ్వార్లు" అచ్చు వేయించాడని అందులో ఉంది. నేను హాయిగా "జ్ఞాపకాలు" అని రాసుకుంటూ పోయాను. నాలుగు పేరాలు దాటేసరికి కోర్టు వాటిని తగలబెట్టమంది! ఎవరి జ్ఞాపకాలు వాళ్లు రాసుకుంటే తగలబెట్టడమేంటి? ఎక్కడో తప్పులో కాలేశాననిపిస్తోంది.

జవాబు: వేశారు, కానీ చాలామంది వేసిన చోటే వేశారు. ఫ్రెంచిలో ఈ మాటకి లింగాన్ని బట్టి అర్థం మారుతుంది. స్త్రీలింగమైతే జ్ఞాపకశక్తి. పుంలింగమైతే సంగతులన్నీ వరసగా పెట్టి సర్కారుకో కోర్టుకో ఇచ్చుకునే కాగితం. ఆ పుంలింగమే బహువచనంలో ఆత్మకథ లాంటి పుస్తకానికీ చెల్లుతుంది, చిక్కంతా అక్కడే. మీ బోమార్షేవి కోర్టు కాగితాలు.

కథ క్లుప్తంగా చెప్తాను. పారీ-దువెర్నే అనే పెద్ద ధనవంతుడు 1770లో చనిపోయాడు. బోమార్షేకి తాను 15,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) బాకీ ఉన్నట్టు ఆయన సంతకంతో ఒక లెక్కల పరిష్కార పత్రం ఉంది. వారసుడు లా బ్లాష్ దాన్ని నమ్మదగ్గది కాదని కోర్టుకెక్కాడు. కింది కోర్టులో బోమార్షే గెలిచాడు. అప్పీలుకి వెళ్లేసరికి వేరే గొడవలో జైల్లో ఉన్నాడు. కేసు పరిశీలించి నివేదిక ఇవ్వాల్సిన జడ్జి గోయెజ్మాన్. ఆయన దర్శనం కోసం భార్యకి 100 లూయీలు (బంగారు నాణేలు), వజ్రాలు పొదిగిన గడియారం, "గుమాస్తాకి" అంటూ మరో 15 లూయీలు ముట్టాయి. 1773 ఏప్రిల్లో బోమార్షే కేసు ఓడిపోయాడు. ఆవిడ మాట ప్రకారం వందా, గడియారం తిరిగి ఇచ్చేసింది. ఆ పదిహేను మాత్రం ఇవ్వలేదు. తీరా చూస్తే గుమాస్తాకీ అందలేదు!

ఆ పదిహేను అడిగినందుకు జడ్జి ఎదురు కేసు పెట్టాడు, లంచం ఇవ్వజూపాడని. అప్పట్లో ఇలాంటి విచారణ తలుపులు మూసుకుని జరిగేది. అయితే లాయరు సంతకం ఉన్న మెమ్వార్‌ని సెన్సారు అనుమతి లేకుండా అచ్చు వేసుకోవచ్చు. బోమార్షే ఆ సందులోంచి దూరాడు. జడ్జిలకి రాస్తున్నట్టు రాసి ఊరందరి చేతా చదివించాడు. వోల్టేర్ అంతటివాడు కూడా ఇష్టపడి చదివాడు.

ఇంకో సభ్యురాలు: మాస్టారూ, అయితే మన "మార్కుల మెమో", కలెక్టరు గారికిచ్చే "మెమోరాండం" కూడా ఈ చుట్టాలేనా?

జవాబు: అదే వంశం అమ్మా, లాటిన్ వేరు ఒకటే. కాకపోతే మన ఆఫీసుల్లో మెమో పైనుంచి వస్తుంది, కిందివాడు సంజాయిషీ రాసుకుంటాడు. పారిస్‌లో బోమార్షే రాసిన మెమ్వార్ మన లెక్కలో సంజాయిషీయే. మరీ ఇంత పొగరుబోతు సంజాయిషీ నేను ఇంకెక్కడా చూడలేదు.

ప్రశ్నించినవారు: మరి "స్మృతులు" అంటే? మనుస్మృతి, పరాశర స్మృతి ఉన్నాయి కదా. జ్ఞాపకమూ, ధర్మశాస్త్రమూ ఒకే మాటలో ఇమిడిపోతాయి.

జవాబు: భలే పట్టారు. కానీ మన స్మృతి తీర్పు చెప్పే గ్రంథం, ఈయనది తీర్పు కోసం తిరిగే కాగితం. పైగా పాఠకుడికి ఆత్మకథే గుర్తొస్తుంది. "వాదపత్రాలు" అనండి. మొదటిసారి వచ్చిన చోట మాత్రం "కోర్టుకిచ్చిన వాదపత్రాలు" అని విప్పండి. ఇంకోటి, ఆ వ్యాసంలో "పార్లమా" వస్తే పార్లమెంటు అని రాసేయకండి. ఆ రోజుల్లో అది పెద్ద కోర్టు.

ఇంకో సభ్యురాలు: లూయీల మీద శ్లేష ఒకటుందంటారు?

జవాబు: ఉంది, తెలుగులో తేలిగ్గా దిగిపోతుంది కూడా. 1771లో పదిహేనో లూయీ రాజు పాత పార్లమాని తీసేసి కొత్తది పెట్టించాడు, గోయెజ్మాన్ ఆ కొత్తదాంట్లో జడ్జి. జనం అన్నదిది: "పాత పార్లమాని పదిహేనో లూయీ కూల్చాడు, కొత్తదాన్ని పదిహేను లూయీలు కూలుస్తాయి." అన్నట్టే 1774లోనే అది పోయింది.

గోయెజ్మాన్ భార్య అన్నట్టుగా ఆ పత్రాల్లో ఇంకో మాట ఉంది: కోడి అరవకుండా ఈకలు పీకే విద్య మాకు తెలుసు, అని. మన "ముక్కుపిండి" ఇక్కడ పనికిరాదు, దాంట్లో అరుపు వినిపిస్తుంది. కోడిని కోడిగానే ఉంచండి.

ప్రశ్నించినవారు: చాలా థ్యాంక్సండి. తగలబెట్టాక ఏం మిగిలింది మరి?

జవాబు: 1774 ఫిబ్రవరి 26న తీర్పు. బోమార్షే పౌరహక్కులు పోయాయి, జడ్జి భార్యకీ అదే శిక్ష, పత్రాలకి తలారి చేత మంట. కానీ అప్పటికే ప్రతులు ఊరంతా తిరుగుతున్నాయి, తలారి ఎన్నింటినని కాలుస్తాడు? హక్కులు 1776లో తిరిగొచ్చాయి. లా బ్లాష్ మీద అసలు కేసు 1778లో ఏక్స్ పట్టణంలో గెలిచాడు.

చేతిరాత కాగితాల సంగతి ఇంకా బాగుంటుంది. బోమార్షే పోయిన అర్ధశతాబ్దం తర్వాత లొమెనీ అనే పరిశోధకుణ్ణి కుటుంబంవాళ్లు పారిస్‌లో ఒక ఇంటి అటక గదికి తీసుకెళ్లారు. దుమ్ము కొట్టుకుపోయిన కాగితాల కట్టలు. వాటి ఆధారంగానే 1856లో లొమెనీ బోమార్షే జీవితచరిత్ర వేశాడు. ఈ వాదపత్రాలు వేరేవాళ్లు రాసిపెట్టారని అప్పట్లో పుకారుండేది. చిత్తుప్రతుల్లో మంచి మంచి ఘట్టాలు బోమార్షే సొంత చేత్తో రాసి, కొట్టేసి, మళ్లీ రాసినవి కనిపించాయి.

ఆ కాగితాలతో పాటు పెద్ద సైజులో చేసిన గడియారపు యంత్రం నమూనా ఒకటి దొరికింది. రచయిత కాకముందు ఆయన గడియారాల పనివాడు. దాని మీద లాటిన్‌లో చెక్కుకున్న మాటల సారం: 21 ఏళ్ల వయసులో కారన్ (బోమార్షే పుట్టింటి పేరు) కొడుకు దీన్ని కనిపెట్టి చేశాడు, 1753. దాని మీదా ఒక తగువు నడిచింది. రాజుగారి గడియారాల మేస్త్రి లెపోత్ అది తనదన్నాడు, సైన్సు అకాడమీ 1754లో కుర్రాడి పక్షాన తేల్చింది. అకాడమీకి ఈ కుర్రాడు ఏం రాసిచ్చాడనుకున్నారు? మెమ్వారే. అక్కడ మాత్రం "వాదపత్రం" కంటే "నివేదన" నప్పుతుందేమో చూసుకోండి.