1970 ఎంజీబీ గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి, ఎలా పోయాలి?

ప్రశ్న (లెస్టర్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. గత ఏడాది 1970 నాటి ఎంజీబీ జీటీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి కొన్నాను. దానిలో నాలుగు గేర్లకూ సింక్రో (గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉన్న గేర్‌బాక్స్, దాని వెనుక లేకాక్ ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు యూనిట్) ఉన్నాయి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారుస్తుంటే గర్రుమని శబ్దం వస్తోంది. బండి కొంత దూరం నడిచి వేడెక్కాక ఆ శబ్దం బాగా తగ్గుతుంది గాని పూర్తిగా పోవడం లేదు. అందుకని ముందుగా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి చూద్దామనుకుంటున్నాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. కారుతో పాటు వచ్చిన హ్యాండ్‌బుక్‌లో ఇంజిన్‌కు చెప్పిన ఆయిల్‌నే గేర్‌బాక్స్‌కు కూడా చెప్పారు. స్పేర్ పార్టుల దుకాణంలో అడిగితే మాత్రం, గేర్‌బాక్స్ అంటే గేర్ ఆయిలే పోయాలనీ, ఇంజిన్ ఆయిల్ పల్చగా ఉండి గేర్లను కాపాడలేదనీ ఖండితంగా చెప్పారు. పైగా పాత యజమాని డిక్కీలో వదిలి వెళ్లిన సగం డబ్బా మీద 80డబ్ల్యూ-90 (చిక్కదనం గ్రేడు), జీఎల్-5 (గేర్ ఆయిల్ తరగతి) అని ఉంది. లోపల ఇప్పుడున్నది అదేనా అన్న అనుమానం కూడా ఉంది. ఏ ఆయిల్ సరైనది, ఎందుకు సరైనది, ఎంత పట్టుతుంది, ఇంట్లోనే మార్చుకోవాలంటే ఏ క్రమంలో చేయాలి అన్నవి అనుభవజ్ఞులు వివరించగలరని మనవి.

జవాబు (హైదరాబాద్, పాత కార్ల గ్యారేజీ)

నమస్కారమండి. మీ హ్యాండ్‌బుక్ చెప్పిందే సరైనది. ఎంజీబీ మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోయవలసింది ఇంజిన్ ఆయిలే, అంటే 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్. దుకాణంలో చెప్పిన మాట చాలా కార్ల విషయంలో నిజమే గాని, మీ కారుకు వర్తించదు.

ముందుగా పల్చదనం సంగతి చూద్దాం. ఇంజిన్ ఆయిళ్లకూ గేర్ ఆయిళ్లకూ ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంస్థ) వారు వేర్వేరు కొలబద్దలు పెట్టారు. కాబట్టి 90 అన్న అంకె 50 కన్నా పెద్దదని చెప్పి ఆ ఆయిల్ కూడా దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుందని అనుకోకూడదు. 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 50 గ్రేడు ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్సుల (చిక్కదనపు కొలత) మధ్య ఉండాలి. 90 గ్రేడు గేర్ ఆయిల్‌కు ఇప్పటి పరిధి 13.5 నుంచి 18.5 వరకు. అంటే వేడెక్కాక ఈ రెండూ ఇంచుమించు సమానమే. ఒక్కోసారి ఇంజిన్ ఆయిలే చిక్కగా ఉంటుంది.

అసలు తేడా చిక్కదనంలో కాదు, ఆయిల్‌లో కలిపే రసాయనాల్లో ఉంది. వెనుక యాక్సిల్‌లో ఉండే హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు విపరీతమైన ఒత్తిడిలో రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగి లోహం లోహాన్ని తాకకుండా గంధకం, భాస్వరం ఉన్న ఈపీ (అధిక ఒత్తిడిని తట్టుకునే) రసాయనాలు కలుపుతారు. జీఎల్-4లో ఇవి ఒక మోతాదులో ఉంటే జీఎల్-5లో సాధారణంగా దానికి రెట్టింపు వరకు ఉంటాయి. మీ గేర్‌బాక్స్‌లో హైపాయిడ్ గేర్లు లేవు, ఆ స్థాయి జారుడు ఒత్తిడీ లేదు. ఉన్నదల్లా రాగి కలిసిన మిశ్రమ లోహంతో చేసిన సింక్రో రింగులు. గేరు మార్చినప్పుడు ఈ రింగు లోపలి సన్నని గాడులు ఎదురుగా ఉన్న కోను (శంకువు ఆకారపు భాగం) మీది ఆయిల్ పొరను గీకి తీసేసి, కోనును పట్టుకుని, రెండింటి వేగాన్ని సమం చేయాలి. అవసరానికి మించి జారే ఆయిల్ ఉంటే ఆ పట్టు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే మీకు గర్రుమని వినిపిస్తుంది. దీనికి తోడు వేడి మీద చురుకైన గంధకం రాగిని తినేస్తుంది. నునుపు చేసిన రాగి రేకును వేడి ఆయిల్‌లో ముంచి, రంగు ఎంత మారిందో చూసి 1 నుంచి 4 వరకు తరగతి వేసే పరీక్ష ఉన్నదే ఇందుకు. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లలో కొన్నింటిలో ఈ గుణాన్ని బాగా అణచారు కనుక రింగులు నెల రోజుల్లో కరిగిపోతాయని భయపెట్టను. అయినా కోరి పోయడానికి మాత్రం కారణం కనిపించదు.

డిక్కీలోని డబ్బాను చూసి గేర్‌బాక్స్‌లో కూడా అదే ఉందని నిర్ణయించకండి. మీ కారు వెనుక యాక్సిల్‌కు కావలసింది హైపాయిడ్ ఈపీ ఆయిలే. పాత యజమాని దాని కోసమే కొని ఉండవచ్చు. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) బయటకు తీసి వాసన చూడండి. ఈపీ ఆయిల్‌కు కుళ్లిన గంధకపు ఘాటు ఉంటుంది, ఒకసారి ముక్కుకు తగిలితే మరిచిపోరు. ఇంజిన్ ఆయిల్‌కు అది ఉండదు.

మరొక మాట. శబ్దానికి కారణం క్లచ్ కూడా కావచ్చు. బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో లేదు కనుక అప్పటికీ గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. అలాంటప్పుడు ముందు క్లచ్ సిలిండర్లు చూడాలి, ఏ ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు.

జవాబు (డాలస్, అమెరికా)

పై జవాబులోని విషయంతో ఏకీభవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. నా దగ్గర ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఉంది. అదీ బ్రిటిష్ కారే, అదే కాలానిదే, కాని దాని గేర్‌బాక్స్‌కు ఈపీ గేర్ ఆయిల్ కావాలి. అందులో నేను జీఎల్-4 పోస్తాను. 1959లో వచ్చిన మినీ కారులో అయితే ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ఒకే సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోని ఇంజిన్ ఆయిల్‌తో నడుస్తాయి. కాబట్టి పాత బ్రిటిష్ కార్లన్నింటికీ ఇదే ఆయిల్ అన్న సూత్రం ఏదీ లేదు.

ఇక భిన్నాభిప్రాయం. సింక్రో రింగులకు హాని చేయకుండా, చలిలో కూడా పల్చగానే ఉండేలా మాన్యువల్ గేర్‌బాక్స్‌ల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన సింథటిక్ జీఎల్-4 ఆయిళ్లు దొరుకుతున్నాయి. మీరున్న ఇంగ్లండు చలిలో ఉదయం పూట రెండో గేరు బిగుసుకుపోవడం గురించి అయితే, 20డబ్ల్యూ-50 కన్నా అవి మెరుగ్గా ఉంటాయని నా నమ్మకం. ఇక్కడ ఎంజీబీ నడిపే మిత్రులు కొందరు వాటినే వాడుతూ గేర్లు వెన్నలా పడుతున్నాయని చెబుతున్నారు.

జవాబు (హైదరాబాద్, పాత కార్ల గ్యారేజీ)

డాలస్ మిత్రులు చెప్పింది ఓవర్‌డ్రైవ్ లేని ఎంజీబీకి అయితే కాదనను. లెస్టర్ వారి కారులో ఓవర్‌డ్రైవ్ ఉంది, అక్కడే నాకు అభ్యంతరం. ఈ కారులో గేర్‌బాక్స్‌కూ ఓవర్‌డ్రైవ్‌కూ ఆయిల్ ఒక్కటే, రెండింటి మధ్య అది తిరుగుతూ ఉంటుంది. మూడు, నాలుగు గేర్లలో మీరు ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేసినప్పుడు, లోపలి చిన్న పంపు ఇదే ఆయిల్‌ను ఒత్తిడితో పంపి, రాపిడి పొర అంటించిన కోన్ క్లచ్‌ను ముందుకు నెడుతుంది. ఆ కోను పట్టుకుంటేనే ఓవర్‌డ్రైవ్ పనిచేస్తుంది. ఈపీ రసాయనాలు గాని, ఘర్షణ తగ్గించే ఇతర పదార్థాలు గాని ఉన్న ఆయిల్‌లో ఆ కోను జారుతుంది, జారిన కొద్దీ పొర అరిగి మాడుతుంది. సింక్రో రింగుల కన్నా నేను ఎక్కువగా భయపడేది దీనికే. ఆ యూనిట్ బాగు చేయాలంటే ఎంజీబీలో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి బయటకు దించాలి.

ఇదే కారణంగా ఇంజిన్ ఆయిల్ ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ఇంధనం ఆదా చేస్తుందని చెప్పే ఇప్పటి 5డబ్ల్యూ-30 ఆయిళ్లు వద్దు, పాత కార్ల కోసం ఇంకా తయారవుతున్న సాదా 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ తీసుకోండి. ఆ రోజుల్లో ఈ కార్ల యజమానులు ఎంతో ఇష్టంగా పోసుకున్న ఆకుపచ్చ డక్‌హామ్స్ కూడా ఈ గ్రేడుదే. మన పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజిన్ రెండూ బీఎంసీ (బ్రిటిష్ కార్ల సంస్థ) బి-సిరీస్ కుటుంబానివే కనుక, ఇక్కడి వారు కొందరు అంబాసిడర్ అలవాట్లను ఎంజీబీకి వర్తింపజేస్తుంటారు. ఇంజిన్ చుట్టరికాన్ని బట్టి గేర్‌బాక్స్ ఆయిల్ నిర్ణయించడం తగదు.

ప్రశ్న అడిగినవారు (లెస్టర్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రివర్స్ పరీక్ష చేశాను, శబ్దం లేకుండా పడింది. డిప్‌స్టిక్‌కు మాత్రం మీరు చెప్పిన ఘాటు వాసన స్పష్టంగా ఉంది. కాబట్టి ఉన్నది తీసేసి 20డబ్ల్యూ-50 పోయాలని నిశ్చయించుకున్నాను. కార్పెట్ కింద, గేర్‌బాక్స్ టన్నెల్ మీద రబ్బరు మూత దొరికింది. పోసేది దాని గుండానేనా? ఓవర్‌డ్రైవ్‌లో నిలిచిన పాత ఆయిల్ సంగతి ఏమిటి?

జవాబు (హైదరాబాద్, పాత కార్ల గ్యారేజీ)

అవునండి, డిప్‌స్టిక్ ఉన్న రంధ్రం గుండానే పోయాలి. తరువాతి కాలపు ఎంజీబీలలో గేర్‌బాక్స్ పక్కన లెవల్ ప్లగ్ ఇచ్చారు, మీ కారుకు ఆ అవసరం లేదు.

కొంత దూరం నడిపి ఆయిల్ వేడెక్కాక పని మొదలుపెట్టండి. బండిని నాలుగు వైపులా స్టాండ్ల మీద సమమట్టంగా నిలపండి. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరవద్దు. గేర్‌బాక్స్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి, ధార ఆగి చుక్కలుగా మారేదాకా వదిలేయండి. దానితో ఓవర్‌డ్రైవ్ ఖాళీ కాదు. దాని అడుగున బోల్టులతో బిగించిన మూత, లోపల జల్లెడ ఉంటాయి. మీ విషయంలో ఈపీ ఆయిల్ పూర్తిగా పోవాలి కనుక ఆ మూత కూడా విప్పి, జల్లెడను కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి. చుట్టూ మట్టి ఉంటే విప్పకముందే శుభ్రంగా తుడవండి. చిన్న నలుసు లోపలికి వెళ్లినా ఓవర్‌డ్రైవ్ కవాటాలు మొరాయిస్తాయి.

తీసిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి. పసుపు రంగు మెరుపులు కనిపించి, అయస్కాంతానికి అంటుకోకపోతే అవి సింక్రో రింగుల అరుగుదల. అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు పేస్టు అంటుకుంటే మామూలు అరుగుదలే. గోటికి తగిలే ఇనుప ముక్కలు ఉంటే మాత్రం కొత్త ఆయిల్ పోయకుండా నాకు ఇక్కడ రాయండి.

ఓవర్‌డ్రైవ్‌తో కలిపి మీ గేర్‌బాక్స్‌కు 6 ఇంపీరియల్ పింట్లు, అంటే సుమారు 3.4 లీటర్లు పడుతుంది. అంతా ఒకేసారి పోయకండి, మూలల్లో కొంత పాత ఆయిల్ నిలిచి ఉంటుంది. పొడవాటి గొట్టం తగిలించిన గరాటుతో మూడు లీటర్ల వరకు నెమ్మదిగా పోసి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ చూస్తూ గుర్తు దాకా నింపండి. గుర్తు దాటితే అదనపు ఆయిల్ ముందుకు కారి క్లచ్ ప్లేటుకు అంటుకునే ప్రమాదం ఉంది. తరువాత రోడ్డు మీద నడిపి, మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ ఓవర్‌డ్రైవ్‌ను కొన్నిసార్లు వేసి తీయండి. ఓవర్‌డ్రైవ్ లోపలి ఖాళీలు నిండేసరికి మట్టం తగ్గుతుంది. చదునైన చోట ఆపి, ఆయిల్ కిందకు దిగాక మళ్లీ చూసి లోటు పూరించండి.

కొద్ది వందల మైళ్లు నడిచాక మళ్లీ డిప్‌స్టిక్ వాసన చూడండి. ఘాటు ఇంకా మిగిలి ఉంటే మరొకసారి మార్చడం మంచిది. 20డబ్ల్యూ-50 ఖరీదు ఓవర్‌డ్రైవ్ మరమ్మతు ముందు లెక్కలోకి రాదు. వేడి మీద కూడా రెండో గేరు గర్రుమంటూనే ఉంటే రింగు అరిగిందని అర్థం, దానిని ఆయిల్ బాగు చేయలేదు. డిక్కీలోని డబ్బాను వెనుక యాక్సిల్ కోసం ఉంచుకోండి. తీసిన పాత ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి మీ కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రంలో ఇవ్వండి.