దాటలేవా, దాటకూడదా, దాటనివ్వనా?

కోడంబాక్కం:

చెన్నై తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఒక్క క్రియాపదం గురించి వారం రోజులుగా మథనపడుతున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మా ఇంట్లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి సినిమా పెట్టుకున్నాం. నేను, మా అక్క కూతురు, మా అమ్మ. అక్క కూతురికి పదమూడేళ్లు, మొదటిసారి చూస్తోంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు, అయినా రాక్షసులూ గుర్రాలూ ఉంటే చాలు, కదలకుండా కూర్చుంటుంది. మోరియా గనుల్లో సన్నటి వంతెన మీద మంత్రగాడు గాండాల్ఫ్ ఒక్కడే నిలబడతాడు. ఎదురుగా ఒళ్లంతా మంటలతో బాల్‌రాగ్ అనే రాక్షసుడు. కర్ర ఎత్తి వంతెనకేసి కొట్టి 'యూ షల్ నాట్ పాస్' అని అరుస్తాడు. అప్పుడు అమ్మ అడిగింది: "ఏమంటున్నాడే ఆ ముసలాయన?"

ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పాం. అక్క కూతురు "నువ్వు దాటకూడదు అంటున్నాడు అమ్మమ్మా" అంది. నేను "నువ్వు దాటలేవు అంటున్నాడమ్మా" అన్నాను.

అమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "రెండూ ఒకటెలా అవుతాయిరా? కూడదంటే దాటొచ్చుగా, తప్పు, అంతే. వడపళని సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే దాటకూడదు. దాటడం లేదూ అందరూ?" అంది.

నిజమే కదా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ సినిమాకు మూలమైన టోల్కీన్ నవలంటే నాకు ప్రాణం. కాలేజీ రోజుల్లో మైలాపూర్ లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల్లో దొరికింది. అట్ట లేదు, వెనక కొన్ని పేజీలు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. స్కేలుతో మెల్లగా విడదీసుకుంటూ చదివాను. 1954లో వచ్చిన ఆ మొదటి సంపుటంలో, ఖజాద్‌దూమ్ వంతెన అధ్యాయంలో గాండాల్ఫ్ అనే మాట 'యూ కెనాట్ పాస్'. మళ్లీ మళ్లీ అదే మాట. అరిచాడని కూడా ఉండదు, 'అన్నాడు' అనే ఉంటుంది. ఆ తర్వాతి వాక్యంలో ఓర్క్‌లనే రాక్షసమూక అంతా కదలకుండా నిలబడిపోతుంది, ఎక్కడా చప్పుడుండదు. ఆ నిశ్శబ్దంలో ఒక ముసలివాడు మళ్లీ మామూలు గొంతుతో, రెండు రెళ్లు నాలుగు అన్నంత తేలిగ్గా, నువ్వు దాటలేవు అంటాడు. చదివినప్పుడు నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

2001 డిసెంబరులో పీటర్ జాక్సన్ సినిమా వచ్చింది. అందులో ఆ మాట 'షల్ నాట్' అయిపోయింది. ఇవాళ లోకమంతా అదే చెప్పుకుంటుంది, టీషర్టుల మీద కూడా అదే. సినిమా నాకు నచ్చలేదని అనుకోకండి. ఆ చీకటీ, ఆ రాతి స్తంభాల హాలూ నేను ఊహించుకున్నదాని కంటే గొప్పగా తీశారు. ఇయాన్ మెకెల్లెన్‌ను తప్ప గాండాల్ఫ్‌గా ఇంకెవరినీ ఊహించుకోలేను. కానీ ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి, ప్రతిసారీ నా మనసులో పుస్తకంలోని మాటే ముందు పలుకుతుంది.

నా అభిప్రాయం ఇది. తెలుగులో చెప్పాలంటే 'దాటలేవు' అనే చెప్పాలి. 'దాటకూడదు' అంటే అది నిషేధం, అమ్మ చెప్పినట్టు సిగ్నల్ దగ్గర పోలీసు మాట. 'దాటనివ్వను' అంటే అందులోకి 'నేను' వచ్చేస్తుంది, తొడగొట్టే హీరో మాట అయిపోతుంది. 'దాటలేవు'లో నేను లేను, బెదిరింపు లేదు. 'దాటగల'కు ఎదురు 'దాటలేని'. ఆ 'లే' ఉండకపోవడాన్ని చెప్పే 'లే' కదా. దాటడమన్నది నీకు లేదు, అంతే. మీరేమంటారు?

పెరంబూర్:

అన్నా, పుస్తకం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను కానీ సినిమాకు అన్యాయం చేశారు. సినిమాలో రెండు మాటలూ ఉన్నాయి! మొదట 'యూ కెనాట్ పాస్' అనే మొదలుపెడతాడు. తర్వాత నేను సీక్రెట్ ఫైర్ (రహస్యమైన అగ్ని) సేవకుణ్ణి అంటాడు, నీ చీకటి మంట నీకు అక్కరకు రాదు అంటాడు, నీ నీడలోకి వెనక్కి పో అంటాడు. అదంతా పుస్తకంలోని మాటే. చిట్టచివర, కర్ర దించేటప్పుడు మాత్రం 'షల్ నాట్'. అందరికీ చివరిదే గుర్తుండిపోయింది, మీకు కూడా.

నా దృష్టిలో ఆ మార్పు ఊరికే చెయ్యలేదు. ముందు నిజం చెప్పి చూశాడు, వాడు వినలేదు, అడుగు ముందుకేశాడు. అప్పుడు శపథం చేశాడు. మీరు తెలుగులో పెట్టేటప్పుడు కూడా రెండు మాటలు కావాలి, ఒకటి సరిపోదు.

కోడంబాక్కం:

మీ మాటే నిజం తమ్ముడూ. ఇప్పుడే మళ్లీ పెట్టి చూశాను. ఇన్నిసార్లు చూసి కూడా మొదటి 'కెనాట్' నా చెవిన పడలేదంటే, నేను సినిమా మీద ముందే కోపం పెట్టుకుని కూర్చున్నానన్నమాట. తప్పు నాదే. మీరన్నట్టు రెండో మాట వెతకాలి.

వడపళని:

కొన్నాళ్లు డబ్బింగ్ రాసినదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను. కాగితం మీద 'దాటలేవు' చాలా బాగుంది. నాలుగు అక్షరాలు, ఇంగ్లీషులో కూడా నాలుగు దెబ్బలే. కానీ మైకు ముందు నిలబడితే కథ వేరు. 'పాస్' అన్నప్పుడు ఆ నటుడి పెదవులు కలిసి విడిపోతాయి. అది క్లోజప్ అయితే ప్రేక్షకుడి కళ్లు అక్కడే ఉంటాయి. మేము ముందు చూసుకునేది ప, బ, మ ఎక్కడ పడుతున్నాయనే. 'దాటలేవు'లో పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ లేదు, చివర 'వు' దగ్గర కొంచెం దగ్గరికి వస్తాయి, అంతే.

అందుకని నేనైతే 'దాటు' వదిలేసి 'పోవు' పట్టుకుంటాను. 'ముందుకు పోలేవు'. 'పో' దీర్ఘం, గొంతు నిండా అరవచ్చు, పెదవులూ కలుస్తాయి. శపథమే కావాలంటే 'పోనివ్వను' ఉంది. దాని చివర 'ను' దగ్గర గాలి తేలిపోతుంది, అరుపు నిలబడదు. నాలుగైదుసార్లు పైకి అని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత కిందికి జారిపోతూ 'ఫ్లై, యూ ఫూల్స్' అంటాడు చూశారా, అక్కడ 'ఎగరండి' అని రాసినవాళ్లను నేను చూశాను! పారిపొమ్మని కదా ఆ మాటకు అర్థం. 'పారిపొండర్రా, పిచ్చివాళ్లారా!' అనాలి. ఆ 'అర్రా'లో ఇంటి పెద్ద కనిపిస్తాడు. చచ్చిపోతూ కూడా కేకలేసేది ప్రేమతోనే.

కోడంబాక్కం:

'పారిపొండర్రా' చదివి కళ్లు చెమ్మగిల్లాయక్కా. ఇంకే భాషలోనూ ఇంత బాగా రాదనిపించింది.

అన్నానగర్:

మన చెన్నైలో ఉంటూ తమిళం సంగతి ఎవరూ ఎత్తలేదేం? తమిళంలో 'ముడియాదు' అనే మాట చూడండి. పుస్తకాల్లో దానికి అర్థం 'చేతకాదు, సాధ్యం కాదు'. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రాత్రి పదకొండు తర్వాత బయటి బండి వస్తే గేటు ముందు నిలబడి 'ఉళ్ళ పోగ ముడియాదు సార్' అంటాడు. లోపలికి పోవడం ఆ బండికి చేతకాదనా? కాదు, పోనివ్వనని. కానీ 'నేను పోనివ్వను' అంటే గొడవ. 'ముడియాదు' అంటే అది అతని ఇష్టాయిష్టాలతో పని లేని సంగతి. తమిళంలో 'కూడాదు' కూడా ఉంది, మన 'కూడదు'కు తోబుట్టువు. గేటు దగ్గర మాత్రం అతను ఆ మాట వాడగా నేను వినలేదు.

మా అమ్మది చిత్తూరు వైపు. ఆమె 'పొయ్యేకి కాదు' అంటుంది. ఇదీ అంతే, చేతకాదనీ, వీల్లేదనీ రెండూ. మీ అందరి 'కుదరదు' కూడా ఇలాంటిదే. కాబట్టి ఇంగ్లీషు వాళ్లకు కెనాట్, షల్ నాట్ అని రెండు కావలసి వచ్చింది కానీ మనకు ఒక్కదానిలోనే రెండూ పట్టే మాటలున్నాయి. వాటిలో వెతకండి.

మైలాపూర్:

బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. ఈ చర్చ చదువుతుంటే పోతన పద్యం ఒకటి నోటికొచ్చింది. అష్టమ స్కంధంలో వామనుడు మూడడుగులు అడుగుతాడు. వచ్చినవాడు విష్ణువు, మాట తప్పినా ఫరవాలేదు, ఇవ్వకు అని శుక్రాచార్యుడు చెబుతాడు. అప్పుడు బలి:

నిరయంబైన, నిబంధమైన, ధరణీనిర్మూలనంబైన, దు
ర్మరణంబైన, గులాంతమైన, నిజమున్ రానిమ్ము, కానిమ్ము పో,
హరుడైనన్, హరియైన, నీరజభవుం డభ్యాగతుండైన నౌ,
దిరుగన్ నేరదు నాదు జిహ్వ, వినుమా! ధీవర్య! వేయేటికిన్?

నరకం రానీ, చెర రానీ, నేల పోనీ, చావు రానీ, వంశం పోనీ. వచ్చినవాడు శివుడే కానీ, హరే కానీ, బ్రహ్మే కానీ. 'తిరుగన్ నేరదు నాదు జిహ్వ'. నా నాలుక వెనక్కి తిరగలేదు. చేతకాకనా? ఒక్క మాటతో కాదనగలడు, గురువే కాదనమంటున్నాడు. తిరగనని పట్టుదలా? అదీ ఉంది, కానీ 'తిరగను' అనలేదు. 'నేర్చు' అంటే అలవడు, తెలుసుకొను. నా నాలుకకు తిరగడమన్నది తెలియదు, అది నేర్చుకోలేదు అంటున్నాడు. చేతకానితనమూ శపథమూ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి.

ఇంకో సంగతి. ఇంగ్లీషు 'కెన్' కూడా పుట్టుకలో తెలియడమే. పాత ఇంగ్లీషులో 'కున్నన్' అంటే తెలుసుకొను, ఎరుగు. దాన్నుంచే 'చేయగలగడం' అనే అర్థం వచ్చింది, అచ్చం మన 'నేర్చు' నడిచిన దారే. 'షల్' మొదట్లో బాకీ ఉండడం. అందుకే దానిలో విధి, ఆజ్ఞ వాసన వస్తుంది. మన బైబిలు పది ఆజ్ఞల్లో 'షల్ట్ నాట్' అని వచ్చిన చోట 'నరహత్య చేయకూడదు' అని 'కూడదు' పెట్టారు. అక్కడ అదే సరి, ఆజ్ఞ కాబట్టి. మీ పాప అన్నది తప్పేమీ కాదు, ఆ అలవాటు ప్రకారమే అంది.

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ఆచార్యుడు, కొంతకాలం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో పని చేసినవాడు. 'కెన్' లోపల ఏముందో ఆయనకు తెలియదనుకోను. నన్నడిగితే 'దాటనేరవు' అంటాను.

పెరంబూర్:

మాస్టారూ, పద్యం అద్భుతం. ఒక్క సందేహం. బలి తన నాలుక గురించి అన్నాడు. గాండాల్ఫ్ అనేది శత్రువు గురించి. నా గురించి 'నేరను' అనడం వినయం, ఎదుటివాణ్ణి 'నేరవు' అంటే ఎకసెక్కం అవ్వదా? పైగా సినిమాకెళ్లిన పిల్లలకు 'నేరవు' అంటే నేరం గుర్తొస్తుంది.

మైలాపూర్:

రెండోది ఒప్పుకున్నాను బాబూ. పుస్తకానికైతే 'దాటనేరవు', సినిమాకు కాదు. మొదటిదానికి మాత్రం ఒక జవాబుంది. తాను ఎవరి సేవకుడో చెప్పి మరీ ఆ మాట అంటాడని మీరే రాశారు. నేను గొప్పవాణ్ణి, నువ్వు చేతకానివాడివి అనడం కాదది. నా వెనక ఉన్నది నీకు తెలిసిన అగ్ని కాదు అంటున్నాడు. తెలియనిచోట 'నేరవు' అనడం ఎకసెక్కం కాదు.

కోడంబాక్కం:

మాస్టారికీ, అక్కకూ, తమ్ముళ్లకూ నమస్కారాలు. నిన్న రాత్రి అన్నీ ముందు పెట్టుకుని నాకోసం తేల్చుకున్నాను. చదువుకునే తెలుగులో మొదట 'దాటలేవు', చివర 'దాటనేరవు'. తెర మీదైతే మొదట 'దాటలేవు', కర్ర దించేటప్పుడు 'పోలేవు'. అక్క చెప్పినట్టు పైకి అని చూశాను. నిజంగానే 'పో' దగ్గర గొంతు దానంతటదే లేస్తోంది.

తర్వాత అక్క కూతురు టీవీ సౌండు తీసేసింది, నేను తెలుగులో చెబుతుంటే అమ్మ మళ్లీ చూసింది. వంతెన విరిగి బాల్‌రాగ్ పడిపోవడం, పడుతూ పడుతూ దాని కొరడా గాండాల్ఫ్ కాళ్లకు చుట్టుకోవడం, ఆయన అంచు పట్టుకుని వేలాడడం, జారిపోవడం. పిల్ల ఏడుపు మొహం పెట్టి, "చూశావా అమ్మమ్మా, అంత అరిచినా చివరికి ఈయన్నీ లాగేసింది" అంది.

అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "లాగింది కానీ, అది దాటలేదుగా" అంది.

ఆమె ఆ 'దాటలేదు' ఏ అర్థంలో అందో నేను అడగలేదు. జరగలేదనా, దానికి సాధ్యం కాదనా? తెలుగులో ఆ రెంటికీ ఒకటే మాట.