పార్కు ఖాళీగా ఉంది, రావిచెట్టు కింద జనం ఉన్నారు. అరుగు తీసేస్తామంటున్నారు, ఏం చేయాలి?

పొలంగట్టు (ప్రశ్న):
మాది పల్నాడులో చిన్న ఊరు. ఊరి నడుమ రావి, వేప కలిసి పెరిగాయి, వాటి చుట్టూ నాపరాళ్ల అరుగు ఉంది. ఆ రాళ్ల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పులి-మేక ఆట గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మా తాతను తలుచుకుంటే ఇంట్లో కాదు, ఆ అరుగు మీదే గుర్తొస్తాడు. రెండేళ్ల కిందట ఊరి బయట పార్కు కట్టారు, బెంచీలున్నాయి, లైట్లున్నాయి, సాయంత్రం వెళ్లి చూస్తే ఒక్కరూ ఉండరు. ఇప్పుడు సీసీ రోడ్డు వెడల్పు చేయాలి, అరుగు తీసేస్తాం, కూర్చోవడానికి పార్కు ఉందిగా అంటున్నారు. నేనుండేది హైదరాబాద్‌లో. ఇది ఉత్త జ్ఞాపకాల బాధేనా? గ్రామసభలో ఏమని అడగాలి?

మునిగిన ఊరు:
మాది మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద పోయిన ఊళ్లలో ఒకటి. 50 టీఎంసీల నీళ్ల కోసం ఊరిడిచినం, గజ్వేల్ దగ్గర కాలనీలో ఇల్లు ఇచ్చారు. ఇల్లు మంచిదే, రోడ్లు కూడా వెడల్పే. పాత ఊళ్లో మా నాయిన పాలు పోసి వస్తూ బొడ్రాయి దగ్గర చెట్టు కింద ఆగేవాడు, ఎవరి బాయిలో నీళ్లు అడుగంటాయి, ఎవరి ఎడ్లు అమ్మకానికున్నాయి, ఎవరింట్లో లగ్గం, అన్నీ అక్కడే తెలిసేవి. కూర్చుందామని పనిగట్టుకొని ఎప్పుడూ పోలేదు, పోయే దారిలో ఆగేవాడు, అంతే. ఇప్పుడు పొలమూ లేదు, బర్రెలూ లేవు, ఆగే దారి ఎక్కడుంది? గడప ముందు కుర్చీ వేసుకొని ఒక్కడే కూర్చుంటాడు. మీ పార్కుకు కూడా దారిలో ఎవరూ తగలరు, అందుకే ఖాళీ. అరుగు మాత్రం పోనివ్వకండి.

చెరువుకట్ట:
అన్నా, మీ బాధ తెలిసింది గానీ ఒక్కటి అడుగుతా, ఆ అరుగు మీద మీ అమ్మ ఎప్పుడన్నా కూర్చుందా? మాది వరంగల్ వైపు. రచ్చబండ మీద మగవాళ్లుంటే మేం తల వంచుకొని పక్క సందులోంచి పోయేవాళ్లం. దళితవాడ వాళ్లు చెప్పులు చేతపట్టుకొని ఆ ముందునుంచి పోయిన రోజులు మా అమ్మ చూసింది. ఆ చోటు అందరిదీ అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మాకు ప్రాణం చెరువుకట్ట. బట్టలు ఉతికేది అక్కడ, కష్టసుఖాలు చెప్పుకునేది అక్కడ, బతుకమ్మను సాగనంపేది అక్కడే. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువు పూడిక తీశారు, కట్ట వెడల్పయింది, ఇప్పుడు ఇంకా ఎక్కువమంది వస్తాం. మేం ముందునుంచీ పోతున్న చోటే బాగుపడింది కాబట్టి.

పొలంగట్టు:
అక్కా, ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. వినాయకచవితి పందిరి వేసినప్పుడు తప్ప ఎప్పుడూ కూర్చోలేదంది. ఆడవాళ్లు పాలకేంద్రం ముందు నిలబడి మాట్లాడుకుంటారట, అక్కడ నీడ కూడా లేదట. ఇన్నేళ్లూ నాకు తట్టనేలేదు.

కృష్ణ ఒడ్డు:
చోటు మీద మమకారాన్ని చిన్నచూపు చూడొద్దు. శ్రీశైలం నీళ్లలో మునిగిన సంగమేశ్వరం గుడి చూడండి, ఎండాకాలం నీళ్లు తగ్గి బయటపడగానే బురద తొక్కుకుంటూ, పడవలెక్కి జనం పోతారు, పూజలు మొదలవుతాయి. కాకపోతే సభలో 'మా తాత కూర్చున్నాడు' అంటే పని జరగదు. రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తామన్న చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం జనం చెట్టు చెట్టునూ లెక్కపెట్టి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మీరూ లెక్కతో వెళ్లండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అరుగు దగ్గర ఎవరుంటున్నారో, పార్కులో ఎంతమందో వారం రోజులు రాసిపెట్టించండి. అరుగు అంచు నుంచి ఎదుటి కాలువ దాకా ఎన్ని అడుగులో కొలవండి, బండి పోయేంత చోటుంటే తీయాల్సిన అవసరమే లేదు. పాలకేంద్రం ముందు రేకుల పందిరి, కూర్చోవడానికి దిమ్మె కూడా అదే అర్జీలో అడగండి, అప్పుడు ఆడవాళ్లూ సభకు వస్తారు.

పొలంగట్టు:
ఆదివారం ఊరికి వెళ్తున్నా, టేపు తీసుకెళ్తా. పాలకేంద్రం మాట సభలో నువ్వే చెప్పమ్మా అని అమ్మతో అన్నాను. ఇంకో నలుగురు వస్తే వస్తానంది.