ఎనిమిదో నెల: కదలికలు, దొంగనొప్పులు, ఆసుపత్రి బ్యాగు... ఎన్నో సందేహాలు, కాస్త ధైర్యం చెప్పండి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకిప్పుడు 33వ వారం నడుస్తోంది, తొలి కాన్పు. ఇన్నాళ్లూ బాగానే ఉన్నాను గానీ ఈమధ్య రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఒక పక్కకే పడుకుంటే నడుం పట్టేస్తోంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడనట్టుంటోంది. మధ్యరాత్రి మెలకువ వచ్చిందంటే ఇక ఆలోచనలే. బిడ్డ నిన్నటికన్నా తక్కువ కదిలిందా? అప్పుడప్పుడూ పొట్ట రాయిలా బిగుసుకుంటోంది, అవి నొప్పులేనా? మొన్నటి స్కానింగ్ రిపోర్టులో బొడ్డుపేగు బిడ్డ మెడకు ఒక చుట్టు ఉందని రాశారు. డాక్టరుగారు ఏం ఫర్వాలేదన్నారు, కానీ ఆ లైను చదివినప్పటి నుంచి గుండె దడగానే ఉంది. బిడ్డ తల కూడా ఇంకా పైకే ఉందట.

బ్యాగు సర్దలేదు. ఏ కాగితాలు కావాలో తెలీదు. ప్రతిదానికీ ఆసుపత్రికి ఫోన్ చేస్తే విసుక్కుంటారేమోనని ఆగిపోతున్నాను. వేటికి భయపడాలో, వేటిని వదిలేయాలో అనుభవం ఉన్న అక్కలు చెప్పరూ?

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి):

చెల్లీ, నువ్వు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. విసుక్కుంటారేమోనని ఫోన్ చేయకుండా ఆగడం ఈ క్షణమే మానెయ్. ఆఖరి నెలల్లో తల్లి పసిగట్టే మార్పులు ఏ మిషనూ ముందుగా చెప్పలేదు. వాళ్లు విసుక్కున్నా సరే, అడుగు. బిడ్డ కదలికల విషయంలో అయితే అసలు మొహమాటమే వద్దు.

కదలికల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని మీదే అందరూ తలో మాటా చెప్పి కంగారు పెడతారు. రోజుకు ఇన్నిసార్లు తన్నాలి అని అందరు పిల్లలకూ ఒకే లెక్క ఉండదు. రెండు గంటల్లో పది కదలికలు అని కొన్నిచోట్ల చెబుతారు, లెక్క పెట్టుకోమని మీ డాక్టరు చెప్పి ఉంటే అలాగే చెయ్. కానీ అంతకన్నా ముఖ్యం నీ బిడ్డ అలవాటు నీకు తెలియడం. కొందరు పిల్లలు తల్లి అన్నం తిన్నాక ఆడతారు, కొందరు ఆమె పడుకోగానే మొదలుపెడతారు. రోజూ కాస్త తీరిగ్గా ఉండే ఒక వేళ చూసుకుని ఎడమపక్కకు ఒరిగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఫోనూ టీవీ కట్టేసి గమనించు. కొద్ది రోజుల్లోనే పద్ధతి అర్థమైపోతుంది. పొట్టలో బిడ్డ ఒక్కో విడతకు 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతుంది, గంటన్నర మించి నిద్రపోవడం అరుదు. కాబట్టి కాసేపు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన బెదిరిపోనక్కర్లేదు.

నెలలు నిండేకొద్దీ చోటు చాలక కదలికలు తగ్గుతాయని నీకు కనీసం నలుగురైనా చెబుతారు. అది తప్పు. తన్నులు పోయి దొర్లినట్టు, లోపల మోచేయి ఈడ్చినట్టు మారవచ్చు. అంటే తీరు మారుతుందే కానీ కదలడం తగ్గకూడదు. నొప్పులు మొదలయ్యేదాకా, నొప్పుల్లో కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. రోజూ ఉండే పద్ధతి తప్పి తగ్గినట్టు అనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకు, అర్ధరాత్రి అయినా సరే వెళ్లు. చల్లటి నీళ్లు తాగి, తీపి తిని మళ్లీ మళ్లీ పరీక్షించుకుంటూ గంటలు గడపొద్దు. ఇంట్లో పెట్టుకుని గుండె చప్పుడు వినే చిన్న యంత్రాలు అమ్ముతున్నారు, వాటిని నమ్ముకోవద్దు. చప్పుడు వినబడినంత మాత్రాన బిడ్డ క్షేమంగా ఉందని కాదు. పైగా తల్లి రక్తనాళం చప్పుడునే బిడ్డదని పొరబడతాం.

మాయ (ప్లాసెంటా) గర్భసంచి ముందు గోడకు ఉంటే తన్నులు మెత్తగా తెలుస్తాయి. నీ రిపోర్టులో మాయ ఎక్కడుందో ఒకసారి చూసుకో.

నిద్ర సంగతి. 28 వారాలు దాటాక పక్కకు తిరిగి నిద్రలోకి జారుకోవడం మంచిది. ఎడమా కుడీ రెండూ ఫర్వాలేదు. వెల్లకిలా పడుకుంటే బరువంతా వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు వెళ్లే రక్తం తగ్గవచ్చు. నీకు ఊపిరాడనట్టు ఉండేది కూడా అందుకే కావచ్చు. నిద్రలో తెలియకుండా వెల్లకిలా తిరిగితే భయపడకు, మెలకువ వచ్చినప్పుడు పక్కకు తిరిగితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద పల్చటి దిండు, వీపు వెనక ఇంకొకటి పెట్టుకో, నడుం నొప్పి చాలా తగ్గుతుంది.

జవాబు (లేబర్ రూంలో పనిచేసే నర్సు):

పైన అక్క కదలికల గురించి చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు. నేను పేగు సంగతి, నొప్పుల సంగతి చెబుతాను.

పేగు మెడకు చుట్టుకోవడం అనగానే మన కళ్ల ముందు ఊపిరి ఆగిపోవడం మెదులుతుంది. కానీ అమ్మా, పొట్టలో ఉన్న బిడ్డ ముక్కుతోనో నోటితోనో గాలి పీల్చదు. దానికి కావాల్సిన ప్రాణవాయువు ఆ బొడ్డుతాడు గుండానే వస్తుంది. ఆ తాడులో రక్తనాళాల చుట్టూ జిగురులాంటి మెత్తని పదార్థం ఉంటుంది, అంత తేలిగ్గా నలిగిపోదు. పుట్టే ప్రతి నలుగురు పిల్లల్లో ఇంచుమించు ఒకరికి పేగు మెడ చుట్టూ ఉంటుంది. తల బయటికి రాగానే మేం వేలితో ఆ చుట్టును తలమీదుగా తప్పించేస్తాం, చాలాసార్లు తల్లికి తెలియను కూడా తెలియదు. ఈరోజు స్కానులో కనబడ్డ చుట్టు వచ్చే వారానికి ఊడిపోవచ్చు, కొత్తగా పడనూవచ్చు. నొప్పుల సమయంలో బిడ్డ గుండె వేగం చూస్తూనే ఉంటాం, మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటుంది. ఇబ్బంది ఉంటే అక్కడ తెలిసిపోతుంది. ఒక్క చుట్టు ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయాలని లేదు.

పొట్ట రాయిలా బిగుసుకోవడం చాలావరకు దొంగనొప్పులే. ఒక పద్ధతి లేకుండా వస్తాయి. నీళ్లు తాగి పడుకున్నా, కూర్చున్నదానివి లేచి నాలుగడుగులు వేసినా, మూత్రానికి వెళ్లొచ్చినా సర్దుకుంటాయి. అసలు నొప్పులు ఏం చేసినా సర్దుకోవు. నడుము దగ్గర మొదలై ముందుకు పాకుతాయి, ఒక్కో నొప్పికీ మధ్య ఎడం తగ్గుతూ, నొప్పి నిడివీ తీవ్రతా పెరుగుతూ పోతాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మాట ఆగిపోతుందంటే నిజం నొప్పి అనుకోవచ్చు. నెలలు నిండాక, తొలి కాన్పు అయితే, ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, అలా గంటసేపు వస్తుంటే బయల్దేరమని చెబుతాం. మీ ఇల్లు ఆసుపత్రికి దూరమైతే అంతదాకా ఆగకండి. నొప్పి మొదలైన టైమూ తగ్గిన టైమూ ఫోన్‌లో రాసుకుంటే మాకు చాలా పని తప్పుతుంది.

కానీ ఈ గంట లెక్క మీకు ఇప్పుడు వర్తించదు. మీకింకా 37 వారాలు నిండలేదు. ఇప్పుడు ఒక క్రమంలో పొట్ట బిగుసుకుంటున్నా, నడుం నొప్పి వస్తూ పోతూ ఉన్నా, కింద బరువుగా నొక్కినట్టున్నా, నీళ్లలా కారినా గంటసేపు లెక్క పెడుతూ కూర్చోవద్దు, వెంటనే రండి. ముందే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు బలపడడానికి తల్లికి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి పనిచేయడానికి కాస్త సమయం చేతిలో ఉండాలి.

ఉమ్మనీరు ఒక్కసారిగా బళుక్కున పోవచ్చు, లేదా లోదుస్తులు తడుస్తూనే ఉండేంత సన్నగా కారవచ్చు. మూత్రమా ఉమ్మనీరా అని తేల్చుకోలేకపోతే ప్యాడ్ పెట్టుకుని, రంగూ వాసనా చూసి, ఆ ప్యాడ్‌ను అలాగే తీసుకురండి. ఆకుపచ్చగా గానీ ముదురు గోధుమ రంగులో గానీ ఉంటే బిడ్డ లోపల విరేచనం చేసిందని అర్థం, ఆలస్యం చేయొద్దు. కొద్దిగా నెత్తుటి చారలున్న జిగట పడితే అది గర్భసంచి ముఖద్వారం దగ్గరి బిరడా లాంటిది. నెలలు నిండాక పడితే కంగారు అక్కర్లేదు, ఒక్కోసారి ఆ తర్వాత కూడా రోజులు పడుతుంది. ఇప్పుడే పడితే మాత్రం ఫోన్ చేయండి. నెత్తురు ధారగా పోతే ఎన్నో వారమైనా సరే అత్యవసరమే.

చాలామంది పట్టించుకోనివి ఇంకొన్ని చెబుతాను. మాత్రకు లొంగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడి డొక్క కింద పక్కటెముకల దగ్గర నొప్పి, ముఖమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బడం. వీటిలో ఏది కనబడినా బీపీ చూపించుకోవాలి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంట్లో ఉండే పని కాదు. సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం మామూలే. అలాగే దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే పొడి చర్మం అనుకుని నూనె రాసి ఊరుకోవద్దు. లివర్ పనితీరులో తేడా వల్ల అలా రావచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది.

అడిగినామె:

అక్కా, సిస్టర్, ఇద్దరికీ చేతులెత్తి దండం. చదివాక నిన్న సాయంత్రం ధైర్యం చేసి ఫోన్ చేశాను. రమ్మన్నారు. పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె వేగం గీతలా కాగితం మీద తీశారు, అంతా బాగుందన్నారు. ఎవరూ విసుక్కోలేదు. ఇలా ఎప్పుడనిపించినా మళ్లీ రమ్మన్నారు. పేగు గురించి ఈ వివరం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

తల పైకి ఉండడం గురించీ, బ్యాగు గురించీ కూడా చెప్పరా?

జవాబు (ఈమధ్యే తండ్రి అయినవారు):

చెల్లెమ్మా, బ్యాగు సంగతి మీవారికి అప్పగించి, ఇది ఆయనకు చదివి వినిపించండి. సర్దింది ఒకరు, ఆసుపత్రిలో వెతికేది ఇంకొకరు అయితే ఏదీ చేతికి దొరకదు. అందుకే మా ఇంట్లో నేనే సర్దాను.

36 వారాలకల్లా సిద్ధంగా ఉంటే చాలు. అన్నిటికన్నా పైన ఒక ఫైలు పెట్టండి: మొదటి నుంచీ చేసిన స్కానులు, రక్తపరీక్షలు, బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందుల పేర్లు, ఏ మందు పడదో ఆ వివరం, గుర్తింపు కార్డు, బీమా ఉంటే ఆ కాగితాలు. అన్నిటికీ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. బట్టలు వదులుగా, ముందువైపు గుండీలతో ఉంటే పాలివ్వడం తేలిక. పెద్ద సైజు ప్యాడ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే పడతాయి. బిడ్డకు మెత్తని బట్టలు, టోపీ, మేజోళ్లు, చుట్టడానికి గుడ్డలు, డైపర్లు. కొత్త బట్టలు ఒకసారి ఉతికి ఎండలో వేసి పెట్టండి. పొడుగు వైరున్న చార్జరు తప్పకుండా పెట్టండి, మంచం దగ్గర ప్లగ్గు ఉండదు.

బ్యాగు కన్నా నేను ఎక్కువ ఆలోచించింది అర్ధరాత్రి ఎలా వెళ్తాం అన్నదాని గురించి. బండి ఎవరు నడుపుతారు, వాళ్లు లేకపోతే ఇంకెవరు, రాత్రిపూట ఆసుపత్రిలో ఏ గేటు తెరిచి ఉంటుంది, ఏ నంబరుకు చేస్తే లేబర్ రూంలో ఎత్తుతారు. ఇవి ముందే ఒకసారి వెళ్లి కనుక్కుని కాగితం మీద రాసి గోడకు అంటించాం. కాన్పు గదిలోకి తోడు ఎవరిని రానిస్తారో, నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్ అక్కడ ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి):

తల పైకి ఉండడం 33 వారాలప్పుడు లెక్కలోకే రాదు చెల్లీ, తిరగడానికి ఇంకా టైముంది. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు పిల్లలే ఎదురుకాళ్లతో ఉండిపోతారు. 36 వారాలకీ తిరగకపోతే డాక్టరు పొట్ట మీద చేతులతో నెమ్మదిగా తిప్పే ప్రయత్నం చేయవచ్చు. అది ఆసుపత్రిలో, బిడ్డ గుండె వేగం చూస్తూ చేసే పని. ఇంటి దగ్గర ఎవరైనా పొట్ట నలిచి తిప్పుతామంటే ససేమిరా ఒప్పుకోకు.

స్కానులో చెప్పే బరువు కూడా అంచనానే, అటూ ఇటూ నూటికి పది పదిహేను వంతులు తేడా రావచ్చు. బిడ్డ చిన్నగా ఉందట, పెద్దగా ఉందట అని ఆ ఒక్క అంకె పట్టుకుని దిగులు పడకు, స్కానుకూ స్కానుకూ మధ్య ఎదుగుదల ఎలా ఉందో అడుగు.

ఏడుస్తున్నానని రాశావు, అది చదివి మనసు ఆగలేదు. ఈ నెలల్లో భయం వేయడం సహజమే. కానీ రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, గుండె దడతో పనులు సాగకపోయినా బీపీ గురించి చెప్పినట్టే డాక్టరుకు చెప్పు. మాటల సాయంతోనే చాలామందికి తేలికపడుతుంది, గర్భంతో ఉన్నప్పుడు వాడదగ్గ మందులూ ఉన్నాయి. నీకు ఏదన్నా చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకు, ఆ నిమిషమే పక్కనున్నవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లు.

అడిగినామె:

అలాగే అక్కా, వచ్చే చెకప్‌లో చెబుతాను. ఆఖరుగా ఒక్కటి. ఇచ్చిన తేదీ దాటిపోయినా నొప్పులు రాకపోతే?

జవాబు (లేబర్ రూంలో పనిచేసే నర్సు):

సరిగ్గా ఆ తేదీకే పుట్టేవాళ్లు నూటికి ఐదుగురు కూడా ఉండరు. 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా రావచ్చు. తేదీ దాటితే చెకప్‌లు దగ్గర దగ్గరగా పెడతారు, ఉమ్మనీరూ బిడ్డ గుండె వేగమూ చూస్తారు. 41 వారాలు దాటితే మాయ పనితీరు మందగించే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి చాలాచోట్ల మందులతో నొప్పులు తెప్పిస్తామని చెబుతారు. మీకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే ఇంకా ముందే అనవచ్చు. ఎందుకు, ఏ పద్ధతిలో, ఎంతసేపు పట్టవచ్చు, ఇంకో రెండ్రోజులు ఆగితే ఏమవుతుంది అని నాలుగూ అడిగి తెలుసుకోండి. నొప్పులు త్వరగా రావాలని ఆముదం లాంటివి సొంతంగా తాగొద్దు. తేదీ దాటిన రోజుల్లో కదలికలు ఇంకా జాగ్రత్తగా గమనించండి. తగ్గినట్టనిపిస్తే, మర్నాడే చెకప్ ఉన్నా సరే, ఆరోజే వచ్చేయండి.