అప్‌డేట్: ‘గో’ సినిమా గురించి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది

ఇసావో యుకిసాదా 2001లో తీసిన ‘గో’ చూసి ఒక ప్రశ్న అడిగాను: జపాన్‌లోనే పుట్టి, జపనీస్‌లోనే మాట్లాడే కథానాయకుడు, కొరియన్ కుటుంబంలోని కుర్రాడు సుగిహారా, అక్కడ పరాయివాడు ఎలా అయ్యాడు? చాలామంది ఓపికగా వివరించారు. అందరికీ కృతజ్ఞతలు.

నాకు తెలియని ముడి చరిత్రలో ఉంది. కొరియా జపాన్ వలస పాలనలో ఉన్న కాలంలో కొరియన్లు జపాన్ ప్రజలే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌తో కుదిరిన శాన్ ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం 1952లో అమలులోకి రాగానే ఆ పౌరసత్వం పోయింది. అక్కడ పౌరసత్వం తల్లిదండ్రులను బట్టి వస్తుంది కనుక తరువాతి తరాలూ విదేశీయులుగానే నమోదయ్యాయి. శాశ్వత నివాసులైన వీరి నుంచి వేలిముద్రలు తీసుకోవడం 1993లో గానీ ఆగలేదు.

ఇదంతా తెలుసుకుని నిన్న రాత్రి మళ్ళీ చూశాను. హవాయి వెళ్ళడానికని సుగిహారా తండ్రి కాగితాల మీద ‘చోసెన్’ (రెండుగా విడిపోక ముందటి కొరియాకు జపనీస్ పేరు)ను దక్షిణ కొరియాగా మార్పించుకునే సంగతి మొదటిసారి హాస్యంగా తోచింది. ఈసారి గొంతు పట్టేసింది. ఒక మనిషి దేశం దరఖాస్తు మీద మారిపోవడమా!

సుగిహారా ప్రేమించిన జపనీస్ అమ్మాయి సకురాయి విషయంలో మాత్రం మీలో కొందరితో ఏకీభవించలేను. తాను కొరియన్‌నన్న నిజం అతను చెప్పగానే ఆమె వెనక్కి తగ్గేది ప్రేమ లేక కాదు. కొరియన్ల, చైనీయుల రక్తం మురికిదని ఆమె తండ్రి చిన్నప్పుడే నూరిపోశాడు. ఆ భయం ఆమె ఒంట్లో ఉంది. అందుకే చివర్లో, ఆ చలిరాత్రి బడి ఆవరణలో, ఆమె తిరిగి రావడం నాకు అంత విలువైనదిగా అనిపించింది.

వచ్చే ఆదివారం మా చెల్లెలికి చూపిస్తున్నాను.